యమున ఆవలి ఒడ్డున వెన్నెల తోట

ఆగ్రా పేరు వినగానే తాజ్‌మహలు స్ఫురించడం సహజం. ఆ సమాధిని దర్శించే యాత్రికులలో అధికసంఖ్యాకులు తూర్పు ద్వారం నుండో పడమటి ద్వారం నుండో లోపల ప్రవేశించి, తోట దాటి, పాలరాతి వేదికపై కొంతసేపు నిలిచి, వెనుకవైపున క్రిందుగా పారే యమునను ఒకసారి తొంగిచూసి మరలిపోతారు. అక్కడ నిలిచి ఉత్తరంగా చూసినవారికి నదికి ఆవల, ఇసుకమేట దాటిన తరువాత, చెట్లు గుబురుగా నిండిన ఒక విశాలమైన చతురస్రస్థలం కనబడుతుంది. అదే మెహతాబ్ బాగ్. ఫారసీ భాషలో మహతాబ్ అనగా వెన్నెల. మన మాటలో చెప్పవలెనంటే వెన్నెల తోట. ఈనాడు టిక్కెట్టు కొని ఎవరైనా ప్రవేశించగల ప్రజోద్యానమది.

తెలుగు పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆగ్రా తోటను గూర్చిన వ్యాసమేల అని పాఠకులు అడుగవచ్చును. కారణం ఉన్నది. మొగలుల పాఠం చెప్పిన ప్రతి సంవత్సరమూ తరగతిలో ఎవరో ఒకరు లేచి, "మాస్టారూ, షాజహాను నది అవతల నల్లరాతితో ఇంకొక తాజ్‌మహలు కట్టబోయినాడట, నిజమేనా?" అని అడగడం పరిపాటి. పాఠ్యపుస్తకంలో లేని ఆ కథ పిల్లలకు ఎవరు చెప్పేవారో తెలియదు గాని, అక్బరు భూమిశిస్తు విధానం మరచినవారికి కూడా నల్లతాజ్ కథ గుర్తుండేది. ఆ ప్రశ్నకు "కట్టుకథ, కూర్చో" అని చెప్పడం సులభమే. అది కట్టుకథ అని ఎట్లు తేలినదో చెప్పడమే చరిత్ర బోధన. ఆ తేల్చిన కథ ఈ తోటలోనే జరిగింది.

మొదట నది. 1526లో పానిపట్టు యుద్ధం తరువాత బాబరు ఆగ్రాను వశపరచుకొన్నాడు. కాబూలు కొండవాగుల మధ్య ఏండ్లు గడిపిన ఆ మధ్య ఆసియా రాజుకు ఈ ప్రాంతం ఏమాత్రమూ నచ్చలేదు. ఎండ, దుమ్ము, పారే నీరు లేకపోవడం, ఈ ఫిర్యాదులన్నీ తన ఆత్మకథలో దాపరికం లేకుండా వ్రాసుకొన్నాడు. అయినను ఉండక తప్పని చోటు గనుక నదికి తూర్పు ఒడ్డున స్థలం చూసి, బావులు త్రవ్వించి, నలుచదరపు మడులుగా విభజించిన తోటలు వేయించినాడు. ఆయన అనుచరులు కూడా ఆ ఒడ్డుననే తోటలు నిర్మించుకొన్నారు. ఇటువంటి తీరైన అమరిక ఎన్నడూ చూడని స్థానికులు ఆ గట్టుకు కాబూలు అని పేరు పెట్టినారని బాబరే చెప్పినాడు. పరాయి సీమ నుండి వచ్చినవారి నివాసాన్ని వారి పుట్టిన ఊరి పేరుతో పిలవడం లోకరీతి. తరతరాలుగా ఇతర భాషాప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగువారి వీధులకు ఇరుగుపొరుగువారు పెట్టిన పేర్లు ఎరిగిన పాఠకులకు ఇది వింతగా తోచదు.

బాబరు 1530లో ఆగ్రాలోనే మరణించినాడు. ఆయన కుమారుడు హుమాయూను కాలపు మసీదు ఒకటి నేటికీ మెహతాబ్ బాగ్‌కు సమీపంలోని కచ్‌పురా గ్రామంలో ఉన్నది. తరువాతి నూరేండ్లలో యమున రెండు ఒడ్డులా తోటలే వెలసినాయి. జయపుర రాజసౌధపు సేకరణలో పద్దెనిమిదవ శతాబ్ది తొలినాళ్ళ ఆగ్రా పటం ఒకటి భద్రంగా ఉన్నది. దానిలో నది నడుమ నీలిపట్టీవలె సాగుతుండగా ఇరువైపులా తోటలు, భవనాలు, సమాధులు వరుసగా గుర్తింపబడి, వాటి యజమానుల పేర్లు కూడా వ్రాయబడి ఉన్నాయి. దీనిని లోతుగా పరిశీలించిన ఎబ్బా కోఖ్ అనే ఆస్ట్రియా దేశపు విదుషి నలుబదికి పైగా తోటలను లెక్కించినది. మొగలుల కాలపు ఆగ్రాకు నదియే రాజవీథి. కోట నుండి చక్రవర్తి పడవలో బయలుదేరి తాను కోరిన తోటమెట్ల వద్ద దిగేవాడు. ఈనాటి ఆగ్రా నదికి వీపు త్రిప్పి కూర్చున్న నగరం. ఆనాటి ఆగ్రా ముఖమే నది.

ఈ సంగతి తెలియనిదే తాజ్‌మహలు అమరికలోని ఒక విశేషం బోధపడదు. ఢిల్లీలోని హుమాయూను సమాధి నాలుగు భాగాల తోటకు సరిగా నడుమ ఉంటుంది. తాజ్ అట్లు కాదు. తోట ముగిసిన తరువాత ఉత్తరపు చివర, నదిని ఆనుకొని నిలిచినది. తోట నడుమ ఉన్నది ఒక పాలరాతి కొలను మాత్రమే. సమాధి ఎందుకు ఒక కొసకు జరిగినదని పూర్వం పలువురు ఆశ్చర్యపడినారు. నదీతీరపు తోటలలో ప్రధానభవనాన్ని నీటి అంచున ఎత్తైన వేదికపై నిలపడం ఆగ్రాలో అప్పటికే స్థిరపడిన ఆచారమని కోఖ్ వివరించినది. నేటి పరిశోధన దీనికి మరొకటి జోడించింది. తాజ్ తోట వెడల్పుతో సరిగా సరిపోయే వెడల్పుతో, అదే మధ్యరేఖపై, ఆవలి ఒడ్డున మెహతాబ్ బాగ్ ఉన్నది. దాని ఒక్కొక్క వైపు సుమారు 300 మీటర్లు. రెండు తోటలను కలిపి చూసినప్పుడు సమాధి ఇక కొసన లేదు. రెండు తోటల నడుమ, పారే నది ప్రక్కన, అది ఉండవలసిన చోటనే ఉన్నది.

ముంతాజ్ మహలు 1631 జూన్ 17న దక్కను దండయాత్రల స్థావరమైన బుర్హాన్‌పురంలో ప్రసవవేదనతో మరణించినది. ఆమెను మొదట అక్కడి కోటకు ఎదురుగా, తాపీ నదికి ఆవల ఉన్న తోటలో ఖననం చేసినారు. కొన్ని నెలల తరువాత దేహాన్ని ఆగ్రాకు తరలించినారు. 1632లో నిర్మాణం ఆరంభమై, ప్రధాన సమాధి సుమారు 1643 నాటికి, తక్కిన కట్టడాలు మరొక పదేండ్లకు పూర్తి అయినాయి. ఆవలి ఒడ్డున వెన్నెల తోట కూడా ఈ సంకల్పంలో భాగమే.

ఆ తోటలో ముఖ్యమైనది దక్షిణపు కొసన, తాజ్‌కు ఎదురుగా, ఎత్తైన వేదికపై నిర్మించిన అష్టకోణాకారపు కొలను. దాని అంచులు పూలరేకులవలె వంపులు తిరిగి ఉంటాయి. అందులో 25 నీటి చిమ్ములు. తోట నాలుగు మూలలా నాలుగు ఎర్రరాతి బురుజులు ఉండేవి, ఆగ్నేయమూలనున్న ఒకటి మాత్రమే నిలిచియున్నది. ఎండలు మండే ప్రాంతంలో పగటిపూట తోటలో కూర్చునేవారెవరు? మొగలు తోటల అసలు జీవితం సూర్యాస్తమయం తరువాతనే. నల్లని నీటిపై తెల్లని గుమ్మటం నీడ, పైన వెన్నెల, దీనికొరకే ఆ కొలను అంత వెడల్పుగా, సమాధికి అంత సూటిగా త్రవ్వించినారు.

ఇన్ని చిమ్ములకు నీరు ఎక్కడిది అన్న ప్రశ్న మన పల్లెటూరి విద్యార్థులకు తప్పక కలుగుతుంది. తాజ్ ప్రక్కన ఆ యేర్పాటు జాడలు ఇప్పటికీ ఉన్నాయి. మన రాయలసీమలో కపిల అని, మరికొన్ని చోట్ల మోట అని పిలిచే సాధనమే. ఎద్దులు వాలుబాట మీద నడుస్తూ తోలుబానతో నది నీటిని పైకి లాగుతాయి. ఆ నీరు ఎత్తైన కాలువ గుండా తొట్టెలకు చేరి, అక్కడినుండి మరల మోటలతో ఇంకా ఎత్తుకు వెళ్ళి, మట్టిగొట్టాల ద్వారా తోటలోనికి దిగుతుంది. ప్రతి చిమ్ము అడుగున ఒక రాగిబానను అమర్చి, మొదటి చిమ్ముకూ చివరి చిమ్ముకూ నీటి ఒత్తిడి సమంగా అందేటట్లు చేసినారు. చక్రవర్తుల పేర్లు చరిత్రలో నిలిచినవి గాని, రేయింబవళ్ళు ఎద్దులను తోలినవారి పేరు ఒక్కటీ నిలువలేదు.

తోట పూర్తి అయిన కొద్ది సంవత్సరాలకే నది తన బలం చూపింది. ఇందుకు సాక్ష్యం ఔరంగజేబు వ్రాసిన లేఖ. 1652 డిసెంబరులో, కాందహారు ముట్టడి విఫలమైన తరువాత, దక్కను సుబేదారుగా నియుక్తుడై పోతూ ఆ రాకుమారుడు ఆగ్రాలో ఆగి తల్లి సమాధిని దర్శించినాడు. చూసినది చూసినట్లు తండ్రికి నివేదించినాడు. వర్షాకాలంలో గుమ్మటం ఉత్తరపు భాగంలో రెండు మూడు చోట్ల, పెద్ద కమానులలోను నీరు కారుచున్నదని, మరమ్మతు అవసరమని తెలిపినాడు. మెహతాబ్ బాగ్ పూర్తిగా వరదలో మునిగి కళ తప్పినదని, త్వరలో మరల పచ్చబడగలదని, అష్టకోణపు కొలను, దాని చుట్టునున్న మంటపాలు మాత్రం చక్కగా ఉన్నవని వ్రాసినాడు. నది తిరిగి తన పాతదారికి చేరినదని కూడా చెప్పినాడు. ఏ శిల్పినో మేస్త్రీనో పంపిన నివేదికవలె ఉంటుంది ఆ లేఖ. అక్కడినుండి దక్కనుకు వెళ్ళిన ఆ రాకుమారుడే 1656లో గోల్కొండపై సేనలను నడిపించి, 1687లో చక్రవర్తిగా ఎనిమిది నెలలు ముట్టడించి ఆ రాజ్యాన్ని అంతమొందించినాడు. మన చరిత్ర అతనిని ఆ ముట్టడితోనే గుర్తుంచుకొన్నది. కారుచున్న గుమ్మటం గూర్చి, మునిగిన తోట గూర్చి తండ్రికి శ్రద్ధగా వ్రాసిన కొడుకూ అతడే. ఆరేండ్లు తిరుగకముందే ఆ తండ్రిని ఆగ్రా కోటలో నిర్బంధించినవాడూ అతడే. చరిత్రలో మనుష్యులు పాఠ్యపుస్తకాలలో ఉన్నంత సరళంగా ఉండరు.

1658 నుండి 1666 వరకు షాజహాను కోటలో బందీగా ఉన్నాడు. మరణించిన తరువాత అతని దేహాన్ని నదిమీదుగా తాజ్‌కు తీసుకొనిపోయి భార్య ప్రక్కన సమాధి చేసినారు. ఇక్కడినుండి నల్లతాజ్ కథ మొదలగుచున్నది.

ఆ కథకు మూలపురుషుడు జాన్ బాప్తిస్తు తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు. తెలుగువారికి ఇతడు పరాయివాడు కాడు. గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చి, కృష్ణాతీరాన కొల్లూరు గనులను స్వయంగా చూసి, అక్కడ అరువదివేలమంది స్త్రీ పురుష బాలకులు పనిచేయుచున్నారని వ్రాసినవాడతడే. ఆ కొల్లూరు గనుల స్థలం నేడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నది. తావెర్నియే 1676లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో, షాజహాను నదికి ఆవలి ఒడ్డున తనకొక సమాధిని ఆరంభించినాడని, కొడుకులతో యుద్ధం వలన అది ఆగిపోయినదని, ఔరంగజేబుకు దానిని పూర్తిచేసే ఉద్దేశం లేకపోయెనని ఒక వాక్యంలో చెప్పినాడు. అంతే. అందులో నల్లరాయి ప్రసక్తి లేదు. తెల్లదానికి జోడుగా నల్లది, రెంటినీ కలుపుతూ నదిమీద వంతెన, ఈ అలంకారాలన్నీ తరువాతివారు చేర్చినవి.

వాక్యం ఒక్కటే అయినా చూసినవాడు వ్రాసినది గదా అని అనవచ్చును. ఇక్కడ తావెర్నియేనే కొంచెం పరీక్షింపవలసి ఉన్నది. తాజ్ నిర్మాణం ఆరంభాన్నీ అంతాన్నీ తాను కళ్ళారా చూసినానని అతడు చెప్పుకొన్నాడు. కాని అతడు ఆగ్రాకు మొదట వచ్చినది 1640-41లో. అప్పటికి పని మొదలై ఎనిమిదేండ్లు గడచినాయి. వజ్రాల తూకంలో, ధరలో అతని మాట బహుజాగ్రత్తగా ఉంటుంది. బజారులో విన్నదానిని వ్రాసేటప్పుడు ఆ జాగ్రత్త సడలుతుంది. నది ఆవల రాతిగోడలు, వేదిక, బురుజులు ఉన్నమాట నిజం. కొడుకు తండ్రిని బంధించినమాట నిజం. ఈ రెంటినీ జతచేసి కథ అల్లడానికి జనానికి ఎంతసేపు కావలెను?

కథను నమ్మేవారు చూపే రెండవ ఆధారం తాజ్ లోపలనే ఉన్నది. లోపలి గదిలో ముంతాజ్ సమాధి సరిగా మధ్యన ఉండగా షాజహానుది పడమటి ప్రక్కకు ఇరికించినట్లు ఉంటుంది. అంతటి భవనంలో సౌష్ఠవం చెడినది అక్కడ ఒక్కచోటనే. కనుక షాజహాను అక్కడ ఉండవలసినవాడు కాడని వారి వాదం. వినడానికి బలంగానే ఉన్నది. అయితే ఆగ్రాలోనే, యమున తూర్పు ఒడ్డున, నూర్జహాను తన తల్లిదండ్రులకు 1628 నాటికి పూర్తిచేయించిన ఇతిమాదుద్దౌలా సమాధి ఉన్నది. 1621లో ముందుగా మరణించిన తల్లి సమాధి నడుమ, మరుసటి సంవత్సరం మరణించిన తండ్రి సమాధి ప్రక్కన. తాజ్‌లోనూ సరిగా అదే అమరిక. ముందుగా పోయినవారికి నడిమి చోటు, వెనుక వచ్చినవారికి ప్రక్కచోటు. ఒక వాదాన్ని ఖండించడానికి గ్రంథాలయాలు తిరుగనక్కరలేదు, ఒక్కొక్కప్పుడు అదే ఊరిలో మరొక కట్టడాన్ని చూస్తే చాలును.

ఈలోగా తోట మాత్రం కనుమరుగైనది. వరద వచ్చిన ప్రతిసారీ ఇసుకమేట పెరిగింది. పడిపోయిన గోడల ఇటుకలు, రాళ్ళు పరిసరాలవారి అవసరాలకు తరలిపోయినాయి. థామస్ డానియెల్, విలియం డానియెల్ అనే ఆంగ్ల చిత్రకారులు 1789లో ఆగ్రాకు వచ్చి తాజ్‌ను చిత్రించినప్పుడు ఒక చిత్రానికి ఆవలి ఒడ్డునే ఎన్నుకొన్నారు. 1871లో పురావస్తుశాఖకు చెందిన కార్లైల్ ఇక్కడి పాతగోడల అవశేషాలను చూసి అవి షాజహాను కట్టదలచిన సమాధి పునాదులేనని భావించినాడు. కథకు సర్కారు ముద్ర పడినట్లయినది. 1924లోను, 1978లోను వచ్చిన పెద్దవరదలు మిగిలినదానిపై మరికొంత మట్టి కప్పినాయి.

1990ల దశకంలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఇక్కడ త్రవ్వకాలు ఆరంభించినది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన సాక్లర్ కళాప్రదర్శనశాల పక్షాన ఎలిజబెత్ మోయ్నిహాన్ బృందం ఇందులో చేరింది. ఈమె 1978లోనే ధోల్పురం సమీపంలో బాబరు కాలపు పద్మోద్యానాన్ని గుర్తించిన విదుషి. ఇసుక తొలగించినకొద్దీ బయటపడినవి సమాధి పునాదులు కావు. వంపుల అంచుల అష్టకోణపు కొలను, చిమ్ముల గుంతలు, నీరు జారిన మెట్టు, నడకదారులు, మంటపాల అడుగుభాగాలు, ఇవి బయటపడినాయి. ఔరంగజేబు లేఖలో వర్ణించిన కొలను మూడువందల నలుబదేండ్ల తరువాత మరల వెలుగు చూసింది. అంతటి సమాధి బరువును మోయవలసిన పునాది ఒకటీ ఇక్కడ లేదని చెప్పడానికి ఇంజనీరు కానక్కరలేదు. నల్లపాలరాతి ముక్కలని చాలాకాలంగా చూపబడినవి కాలవశాన రంగుమారిన తెల్లరాళ్ళే. మన్నులో దొరికిన మాడిన గింజలు, మొక్కల అవశేషాలు, పుప్పొడి కూడా పరీక్షకు వెళ్ళినాయి. ఆనాడు ఏయే చెట్లు ఉండేవో గ్రంథాలతోపాటు మట్టిని కూడా అడుగవచ్చునని మన విద్యార్థులు ఇందువలన గ్రహింపవచ్చును. ఆ పరిశోధనల ఫలితాలు మోయ్నిహాన్ సంపాదకత్వంలో 2000లో గ్రంథంగా వెలువడినాయి. సర్వేక్షణ శాఖవారు మొగలుల తోటపనిలో వాడుకలో ఉన్న పొగడ, నేరేడు, అశోక, మందార, నిమ్మ వంటి జాతులను మరల నాటించినారు.

ఇంకొక చిన్న ముచ్చట. 2006లో కొలనులో కొంతభాగాన్ని బాగుచేసి నీరు నింపి చూసినప్పుడు తాజ్ నీడ ఆ నీటిలో నల్లగా కనిపించినదట. నల్లతాజ్ కథ పుట్టుకకు ఇదే కారణమని కొందరు సంబరపడినారు. అందమైన ఊహ. తావెర్నియే వాక్యానికి ఇది వివరణ అని నేను మాత్రం అనలేను. అతడు చెప్పినది ఆగిపోయిన కట్టడాన్ని గూర్చియే గాని నీడను గూర్చి కాదు.

తోట తిరిగి వచ్చినది గాని నది తిరిగి రాలేదు. పర్వతాల నుండి దిగిన యమున నీటిలో అధికభాగం వేసవిలో హర్యానాలోని హథనీకుండ్ ఆనకట్ట వద్దనే కాలువలకు మళ్ళిపోతుంది. ఢిల్లీ దాటిన తరువాత నదిలో మిగిలినది చాలావరకు మురుగునీరు. 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు తాజ్ పరిసరాలలోని 292 పరిశ్రమలు బొగ్గును వదలి సహజవాయువుకు మారవలెను లేదా తరలిపోవలెనని తీర్పు చెప్పినది. గాలిని గూర్చిన తీర్పు అది. నీటి సంగతి అంత తేలికగా తెమలలేదు. 2016లో తాజ్ ఉత్తరపు గోడపై ఆకుపచ్చని మరకలు కనిపించగా, నిలిచిపోయిన మురికినీటిలో పెరిగిన ఒక జాతి పురుగుల గుంపులే కారణమని తేలింది. మరకలు పడిన గోడ నదివైపుదే, అంటే మెహతాబ్ బాగ్ నుండి చూసేవారికి కనిపించే ముఖమే. అంతకు పూర్వం 2002-03లో కోటకూ తాజ్‌కూ నడుమ నదీగర్భాన్ని మట్టితో పూడ్చి విహారస్థలం, దుకాణాలు నిర్మించే పథకం మొదలై, దేశమంతటా ఆందోళన చెలరేగి, న్యాయస్థానం దాకా వెళ్ళి ఆగిపోయినది. మొగలులు నది అంచున తోటలు వేసినారు, నదిని పూడ్చి వేయలేదు. తాజ్ ఉత్తరపు వేదిక క్రింద రాతితో నింపిన బావుల వరుసలే పునాదులు. నది ప్రక్కనే పారుతుందని ఎరిగి, దాని దారిలో దానిని ఉండనిచ్చి కట్టిన పని అది.

నది తాను చావలేదని అప్పుడప్పుడు గుర్తుచేస్తున్నది. 2023 జులైలో ఎగువన కురిసిన భారీవర్షాలకు ఢిల్లీలో యమున మునుపెన్నడూ లేని ఎత్తుకు చేరినది. కొద్దిరోజులకు ఆ నీరు ఆగ్రాకు వచ్చి, 1978 తరువాత నలుబది అయిదేండ్లకు మొదటిసారి తాజ్ వెలిగోడను తాకినది. ఆవలి గట్టున వెన్నెల తోట అంచుల దాకా వరద వచ్చినది. 1652లో రాకుమారుడు వ్రాసిన సంగతే.

ఆగ్రాకు వెళ్ళే మన పూర్వవిద్యార్థులు వీలుచేసుకొని ఒక సాయంత్రం ఈ ఒడ్డుకు రావలెనని నా కోరిక. జనసమ్మర్దం తక్కువ, ప్రవేశరుసుము తక్కువ. పడమట సూర్యుడు దిగేవేళ గుమ్మటం రంగులు మారడం ఇక్కడినుండి చూచినంత తీరికగా మరెక్కడినుండీ చూడలేము. కొలను వేదిక వద్ద నిలిచి, తరువాత ఆగ్నేయమూల బురుజు దాకా నడిచి రావలెను. పున్నమికీ, దానికి ముందు వెనుకల రెండేసి రాత్రులకూ వెన్నెలలో తాజ్‌ను చూడడానికి 2004 నుండి అనుమతి ఉన్నది గాని అది ఈవలి ఒడ్డున, తాజ్ ఆవరణలో మాత్రమే, అదీ శుక్రవారాలు, రంజాను మాసం తప్పించి. వెన్నెల కొరకు వేసిన ఈ తోట ద్వారాలు మాత్రం ప్రతిదినమూ సూర్యాస్తమయానికే మూసివేస్తారు.